వీధి కెమెరా పోలీస్ కంట్రోల్ రూమ్‌కి కలపాలా, మన అపార్ట్‌మెంట్ చేతిలో ఉంచుకోవాలా? ఏది మేలు?

విజయవాడలో మా సత్యనారాయణపురం వీధిలో ఇంకో ఆరు కెమెరాలకి చందా అడుగుతున్నారు. ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదండి, కాకపోతే ఆ ఫుటేజీ ఎవరి చేతిలో ఉంటుందో ముందు తేల్చమన్నా.

రెండేళ్ల కిందట మా అత్తయ్య పొద్దున్నే పాలకి వెళ్తుంటే బండి మీదొచ్చిన ఇద్దరు మెళ్లో గొలుసు తెంపుకుపోయారు. ఎదురుగా కిరాణా కొట్టుకి కెమెరా ఉంది, కానీ మేం కంప్లైంట్ ఇచ్చి అటూ ఇటూ తిరిగి అడిగేసరికి పదకొండు రోజులైపోయింది, అప్పటికే డీవీఆర్‌లో, అంటే రికార్డింగ్ డబ్బాలో, పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కేసింది. ఒక టీబీ డిస్కు పెట్టి నాలుగు కెమెరాలు రాత్రింబవళ్లు తిప్పితే వారం పది రోజులు నిలిస్తే గొప్ప. జనం ఎక్కువగా పోగయ్యే చోట్ల 30 రోజులు దాచాలని మన రాష్ట్రంలో 2013 నుంచీ పబ్లిక్ సేఫ్టీ చట్టం ఉంది గానీ చిన్న కొట్టుని ఎవరడుగుతారు. ఆ రోజు కంట్రోల్ రూమ్‌కి కలిపిన కెమెరా ఉండుంటే బండి నంబరన్నా దొరికేదేమో అని అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

అలాగని మన చేతిలో ఉంటే భద్రమా అంటే, అదీ చూశాం. మా పై ఫ్లోర్ అమ్మాయి డ్యూటీ షిఫ్ట్ అయిపోయాక రాత్రి పదకొండున్నరకి కొలీగ్ బండి మీద వచ్చి దిగింది. గేటు కెమెరాలో ఆ ఇరవై సెకన్లు ఎవరో ఫోన్‌తో తీసి గ్రూపులో పెట్టారు, కింద ఏమీ రాయలేదు, మూడు చుక్కలు పెట్టారంతే. తెల్లారేసరికి వాళ్లమ్మకి బంధువుల ఫోన్లు. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశారు. ఆ డీవీఆర్ వాచ్‌మన్ గదిలో మోటార్ స్విచ్ పక్కనే ఉంటుంది, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి దానికే అంటించారు! అప్పుడు దొంగ దొరకలేదు గానీ, ఆ పిల్ల పరువు మాత్రం దొరికింది వీళ్లకి.

పోలీసుల దగ్గరైతే అడగడానికి ఒక ఆఫీసరు, పైన కోర్టు ఉంటాయి. ఫుటేజీని సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ ఇవ్వాలి, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టం ప్రకారం హ్యాష్ విలువ (ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి, మధ్యలో ఎవరన్నా మారిస్తే బయటపడుతుంది. అందుకే బెంజ్ సర్కిల్, బస్టాండ్ లాంటి చోట్ల వాళ్ల కెమెరాలే మేలంటాను. దసరాకి మూలా నక్షత్రం రోజు దుర్గమ్మ కొండ కింద క్యూలు ఎక్కడ బిగుసుకుంటున్నాయో చూడటానికీ అవి కావాల్సిందే.

కానీ అదే కెమెరాకి ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ తగిలిస్తే నేను ఒప్పుకోను. వెయ్యికి ఒక్కటి తప్పు పడినా లక్ష మంది భక్తుల్లో వంద మంది ఊరికే దొంగలవుతారు. ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది, అయినా 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ప్రభుత్వ సంస్థలకి మినహాయింపిచ్చే వీలు కేంద్రం ఉంచుకుంది, తప్పు జరిగితే మనం ఎవర్ని పట్టుకోవాలి?

మా వీధికి మాత్రం నేను చెప్పింది ఇదీ: రికార్డింగ్ ఇక్కడే, 30 రోజులకి సరిపడా డిస్కు, డబ్బాకి తాళం, కంప్లైంట్ ఉంటేనే ఇద్దరి ఎదుట తీసి పుస్తకంలో రాయడం. నిన్న టెక్నీషియన్ వస్తే ఎదురింటి డాబా మీద బట్టలారేసే చోటు కనపడకుండా నల్లగా మూయించా, ప్రైవసీ మాస్క్ అని సెట్టింగ్స్‌లోనే ఉంది, ఐదు నిమిషాలు పట్టలేదు. తాళం పడిన రోజు నా వాటా ఇచ్చేస్తా.