చిగుళ్లు తగ్గిన పళ్లకు పొటాషియం నైట్రేట్ పేస్టు: వాడి చూసిన అభిప్రాయం

చిగురు తగ్గి, పంటి మొదలు బయటపడి, చల్లని నీళ్లు తగలగానే పళ్లు జివ్వుమనే స్థితిలో ఉన్నవారు మందుల కన్నా ముందు కొనేది ‘సెన్సిటివ్’ అని రాసి ఉన్న టూత్ పేస్టు. నేను కొంతకాలంగా వాడుతున్నది ఆ కోవలో అన్నిటికన్నా పాత రకం. అందులో 5 శాతం పొటాషియం నైట్రేటు, దానితోపాటు మామూలు పేస్టుల్లో ఉండేంత ఫ్లోరైడు ఉంటాయి. నాకు ఇబ్బంది పైదవడ కోర పళ్ల దగ్గర, వాటి వెనక ఉన్న చిన్న దవడ పళ్ల దగ్గర. అద్దంలో చూస్తే తెల్లని పన్ను ముగిసి, లేత పసుపు రంగు భాగం మొదలయ్యే గీత స్పష్టంగా కనిపిస్తుంది, ఆ గీత మీద గోరు ఆనిస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. ఈ పేస్టు ఆ జలదరింపును చాలావరకు తగ్గించింది. చిగురు విషయంలో మాత్రం దీనివల్ల ఒరిగిందేమీ లేదు, ఒరగదు కూడా. డబ్బా మీది రాతలు ఈ రెండింటినీ కలిపి చెబుతాయి కాబట్టే కాస్త వివరంగా రాయవలసి వస్తోంది.

పంటి తలను కప్పి ఉంచే ఎనామెల్ వేరు మీద ఉండదు. అక్కడ ఉండేది సిమెంటం అనే పల్చటి పొర మాత్రమే. చిగురు తగ్గి అది బయటపడ్డాక బ్రష్ రాపిడికి, పులుపుకి తొందరగా పోతుంది. దాని కింద ఉన్న డెంటిన్ అనే పంటి లోపలి పొరలో చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో అతి సన్నని గొట్టాలుంటాయి, వాటి నిండా ద్రవం ఉంటుంది. చల్లదనమో గాలో తీపో తగిలినప్పుడు ఆ ద్రవం ఒక్కసారిగా కదలడం వల్లనే లోపలి నరం ఉలిక్కిపడుతుందని స్వీడన్ దంతవైద్యుడు బ్రాన్‌స్ట్రామ్ 1960లలో చూపించిన వివరణనే నేటికీ ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. ఈ లెక్కన బాధ తగ్గించడానికి ఉన్న దారులు రెండే: గొట్టాల మూతులు మూయడం, లేదా నరం స్పందనను మందగింపజేయడం. పొటాషియం నైట్రేటుది రెండో దారి. గొట్టాల్లోంచి లోపలికి చేరిన పొటాషియం నరం చుట్టూ పోగుపడి, అది సంకేతం పంపకుండా నెమ్మదింపజేస్తుంది. అలా పోగుపడటానికి సమయం పడుతుంది కాబట్టి, రోజుకు రెండుసార్లు క్రమం తప్పకుండా వాడితే సుమారు రెండు వారాలకు గాని తేడా తెలియదు. మొదటి వారంలోనే ‘ఇది పని చేయడం లేదు’ అని ట్యూబు పక్కన పడేసేవారు దీన్ని పరీక్షించనట్టే లెక్క.

నా విషయంలో మార్పు ఒక్కరోజులో రాలేదు, ఫలానా రోజున వచ్చిందని చెప్పడానికీ లేదు. ముందుగా చల్లని గాలి పీల్చినప్పటి పోటు పోయింది, ఆ తర్వాత నీళ్లు పుక్కిలించేటప్పటిది. ఐసు నేరుగా తగిలితే ఇప్పటికీ జివ్వుమంటుంది గాని, మునుపటిలా కాసేపు దవడ పట్టుకుని కూర్చోవలసిన పని లేదు. పేస్టు చిక్కగా, మెత్తగా ఉంటుంది. నురగ తక్కువ, కాబట్టి నోరు నిండా నురగ వస్తేనే తోముకున్నట్టు అనిపించేవారికి మొదట్లో వెలితిగా ఉంటుంది. పుదీనా ఘాటు వెనక సన్నని ఉప్పదనం, చేదు కలిసిన రుచి ఒకటి మిగులుతుంది, అది కొన్నాళ్లకు అలవాటైపోతుంది.

దీన్ని వాడే తీరులో ఒక చిన్న మార్పు ఫలితాన్ని బాగా పెంచుతుంది. తోముకున్నాక గుక్కెడు నీళ్లతో నోరంతా కడిగేస్తే పంటి మీద మందు మిగలదు. ఉమ్మేసి ఊరుకోవాలి. నేను రాత్రిపూట బఠాణీ గింజంత పేస్టు వేలి కొన మీద తీసుకుని, బయటపడిన పంటి మొదలు మీద పూతలా రాసి, అలాగే పడుకుంటాను. దంతవైద్యులు చాలామంది ఈ మాట చెబుతారు గాని, ట్యూబు మీద ఎక్కడా కనిపించదు.

దీన్ని మెచ్చుకునేముందు ఒక సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. పొటాషియం పేస్టుల మీద జరిగిన ప్రయోగాలను 2006లో వైద్య పరిశోధనలను క్రోడీకరించి తూకం వేసే కాక్రేన్ సంస్థ సమీక్షించినప్పుడు, పరికరంతో తాకి చూసినా, గాలి ఊది చూసినా కొంత మేలు కనిపించింది. రోగులు తమ బాధ ఎంత తగ్గిందో స్వయంగా చెప్పిన లెక్కల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాల్గొన్నవారి సంఖ్య కూడా తక్కువే. కాబట్టి నాకు దక్కిన ఉపశమనమంతా పొటాషియం పుణ్యమేనని నేను ప్రమాణం చేయలేను. ఫ్లోరైడు, నెమ్మదిగా తోమే అలవాటు, చివరికి ‘మందు వాడుతున్నాను’ అన్న నమ్మకం కూడా అందులో కొంత వాటా పంచుకుని ఉండవచ్చు.

డబ్బా సంగతికొస్తే, ముందు వైపున పెద్ద అక్షరాల్లో చిగుళ్ల సంరక్షణ గురించిన మాట, దాని పక్కన గులాబీ రంగు చిగురు పన్నును నిండుగా హత్తుకున్న బొమ్మ ఉన్నాయి. వెనక వైపు చిన్న అక్షరాల్లో చదివితే, క్రియాశీల పదార్థాల కింద పొటాషియం నైట్రేటు, ఫ్లోరైడు తప్ప చిగురుకు ప్రత్యేకంగా పనికొచ్చేదేదీ లేదు. తగ్గిన చిగురు తిరిగి పెరగదు, ఏ పేస్టూ దాన్ని పెంచలేదు. అంగిలి నుంచి కణజాలం తీసి వేరు మీద అతికించే శస్త్రచికిత్స ఉంది, అదీ అందరికీ అవసరం కాదు. బొమ్మ గీసినవారికి ఇది తెలియదనుకోను. అదే డబ్బా మీద, నాలుగు వారాలకు మించి బాధ ఉంటే దంతవైద్యుణ్ణి సంప్రదించమనే హెచ్చరిక కూడా ఉంది. నిజానికి ఆ డబ్బా మొత్తంలో అందరూ చదవాల్సిన వాక్యం అదొక్కటే. ఒక్క పన్నే నొప్పి పెడుతున్నా, చల్లదనం పోయాక కూడా నొప్పి చాలాసేపు లాగుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపుతున్నా అది పుచ్చు గాని, పంటి బీట గాని, లోపలి నరం వాపు గాని అయ్యుండవచ్చు. అప్పుడు ఈ పేస్టు చేసేది అసలు జబ్బును కప్పిపుచ్చడమే.

గొట్టాల మూతులు మూసే రకాలు వేరే ఉన్నాయి. స్టానస్ ఫ్లోరైడు ఉన్నవి ఆ పనితోపాటు పాచిలోని సూక్ష్మజీవులను కూడా తగ్గిస్తాయి కాబట్టి, చిగుళ్ల నుంచి రక్తం కారేవారికి పొటాషియం పేస్టు కన్నా అవే తగినవి. పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడే అవకాశం వాటికున్న లోపం. 8 శాతం ఆర్జినిన్, కాల్షియం కార్బొనేటు కలిపిన రకాన్ని నేరుగా పంటి మీద రాస్తే ఉపశమనం వెంటనే తెలుస్తుందంటారు. తెల్లదనం కోసం అమ్మే గరుకు పేస్టుల జోలికి మాత్రం వేరు బయటపడినవారు అసలు పోకూడదు. డెంటిన్ ఎనామెల్ కన్నా చాలా మెత్తన, ఆ గరుకుకు తేలిగ్గా అరుగుతుంది.

పేస్టు ఎంత మంచిదైనా, దాన్ని మోసుకెళ్లే బ్రష్ గట్టిదైతే ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో తీసుకున్నట్టే. పల్చటి చిగుళ్లున్నవారిలో అడ్డంగా, బలంగా రుద్దడం చిగురు తగ్గడానికి ప్రధాన కారణాల్లో ఒకటి. కుడిచేతి వాటం వారికి తరచు ఎడమ వైపు కోర పన్ను దగ్గరే ఎక్కువగా తగ్గి ఉండటం దీనికి గుర్తు. మెత్తని కుచ్చుల బ్రష్‌ను చిగురు అంచు వైపు 45 డిగ్రీలు వంచి, చిన్న చిన్న కదలికలతో తోమాలి. పులుపు తిన్నాక, తాగాక ఓ అరగంట ఆగాలి. అయితే అందరి చిగుళ్లూ రాపిడి వల్లనే తగ్గవు. గార పేరుకుని, లోపలి ఎముక కరిగే చిగుళ్ల వ్యాధి వల్ల తగ్గుతున్నప్పుడు గార తీయించుకోకుండా ఏ ట్యూబు కొన్నా కాలహరణమే.

జివ్వుమనే బాధ కోసమే అయితే, రెండు పూటలా వాడే ఓపిక ఉన్నవారికి ఈ పేస్టును నేను నిస్సంకోచంగా సూచిస్తాను, కాకపోతే మొదటిసారి చిన్న ట్యూబే తీసుకోండి. వాడటం మానేస్తే కొద్ది వారాల్లో బాధ మళ్లీ తలెత్తుతుంది కాబట్టి ఇది ఎడతెగని ఖర్చని కూడా గుర్తుంచుకోవాలి. నేను మాత్రం ఈ ట్యూబు అయిపోయాక స్టానస్ రకానికి మారి, మరకలు ఏ మేరకు పడతాయో చూడాలనుకుంటున్నాను.