నర్సాపురంలో ఆరు ఆదివారాలు: ప్రాచీన యూదుల మరణానంతర విశ్వాసాలపై పాఠాలు

సంక్రాంతి వెళ్ళిన పదిహేను రోజులకు మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. సమాధి దగ్గర నా మేనకోడలు "అమ్మమ్మ ఇప్పుడు ఎక్కడుంది మామయ్యా?" అని అడిగినప్పుడు, నిద్రపోతోందని, పరలోకంలో ఉందని, చివరి దినాన లేస్తుందని ఒక్క ఊపిరిలో మూడు జవాబులు చెప్పాను. ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగవన్న సంగతి ఇంటికి వచ్చాక గాని తట్టలేదు. నర్సాపురంలో ఒక చర్చి హాలులో ఈ విషయం మీదే ఆరు ఆదివారాలు పాఠాలు చెబుతున్నారని తెలిసి, మూడు వందల రూపాయల ఫీజు కట్టి పాలకొల్లు నుంచి వారం వారం బస్సులో వెళ్ళి వచ్చాను. అక్కడ నాకు దొరికినదేమిటో, దొరకనిదేమిటో ఈ సమీక్షలో చెబుతాను.

మొదటి ఆదివారం రెండు గంటలూ ఒకే మాట మీద గడిచాయి. హీబ్రూ బైబిలులో దాదాపు 65 చోట్ల కనిపించే 'షియోల్' అనే మాటను మన తెలుగు బైబిలు చాలాచోట్ల 'పాతాళము' అంటుంది. పాతాళం అనగానే మనకు బలిచక్రవర్తి, నాగలోకం, కింద ఉన్న ఏడు లోకాలు మనసులో మెదులుతాయి. షియోల్ అటువంటిది కాదు. అక్కడ శిక్ష లేదు, బహుమానం లేదు. మంచివారూ చెడ్డవారూ, రాజూ బానిసా అందరూ దిగిపోయే మసక చోటు అది. అక్కడ పని గాని జ్ఞానం గాని ఉండవని బైబిలులోని ప్రసంగి గ్రంథకర్త అంటాడు, అక్కడ నిన్ను ఎవరు స్తుతిస్తారని కీర్తనకారుడు దేవుణ్ణే నిలదీస్తాడు. నరికిన చెట్టు నీటి వాసన తగిలితే చిగురిస్తుంది గాని మనిషి పడుకుంటే లేవడని యోబు వాపోయిన భాగాన్ని మాస్టారు నెమ్మదిగా చదివి వినిపించినప్పుడు హాలులో ఎవరూ కదలలేదు. ఏన్దోరు అనే ఊరిలో కర్ణపిశాచముగల స్త్రీ (చనిపోయినవారిని పిలిచే సోదెకత్తె) పైకి రప్పించిన, అప్పటికే చనిపోయిన ప్రవక్త సమూయేలు సైతం, నన్నెందుకు కలతపెట్టావని సౌలు రాజును అడుగుతాడే తప్ప ఏ పరలోక వైభవం గురించీ మాట్లాడడు.

'జీవాత్మ' అన్న మాట గురించి మాస్టారు చెప్పినది నాకు మరింత విలువైనదిగా తోచింది. ఆదికాండములో నరుడు జీవాత్మ ఆయెనని చదివినప్పుడు, దేహమనే వస్త్రాన్ని విడిచి వెళ్ళే ఆత్మే మన చెవికి వినిపిస్తుంది. మూలంలో ఉన్న 'నెఫెష్' మాత్రం గొంతు, ఊపిరి, ప్రాణమున్న జీవి అనే అర్థాలనిచ్చే మాట. అదే అధ్యాయంలో జంతువులకు కూడా అదే మాట వాడారు. చనిపోయిన తర్వాత విడిగా బతికే ఆత్మ అనే ఆలోచన ఆ పాత గ్రంథాలలో స్పష్టంగా లేదని తెలుసుకోవడం నాకు కష్టంగానే ఉంది, అయినా దాన్ని దాచకుండా చెప్పినందుకు ఆ మాస్టారి మీద గౌరవం పెరిగింది.

మూడవ వారం సమాధుల గురించి. యెరూషలేము దగ్గర హిన్నోము లోయ పైన కెతెఫ్ హిన్నోములో 1979లో పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ తవ్వకాలు జరిపిన రాతి సమాధులలో శవాన్ని పెట్టే అరుగులూ, తర్వాత ఎముకలను చేర్చే అరా ఉన్నాయి. అక్కడ దొరికిన చిన్న వెండి రేకుల మీద సంఖ్యాకాండములోని యాజకుల ఆశీర్వాదం చెక్కి ఉంది. "పితరులయొద్దకు చేర్చబడెను" అన్న మాట వెనుక, తాత ఎముకల పక్కకే మనవడి ఎముకలు చేరే ఇటువంటి కుటుంబ సమాధులు ఉన్నాయని ఆ రోజు అర్థమైంది. ఈ పాఠానికి ఒక్క బొమ్మ కూడా చూపించకపోవడం పెద్ద లోటు. ప్రొజెక్టరు లేకపోతే పోనీ, బోర్డు మీద సమాధి పటం గీసినా సరిపోయేది.

నాలుగు, ఐదు వారాలే ఈ పాఠాలకు ప్రాణం. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలి, జనం బబులోనుకు చెరపట్టబడిన రోజులలో యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో చూసిన ఎండిన ఎముకలు ఒక్కొక్క మనిషి పునరుత్థానాన్ని కాదు, చచ్చిన జాతి మళ్ళీ లేవడాన్ని సూచించాయి. నాలుగు శతాబ్దాల తర్వాత, క్రీ.పూ. 167 ప్రాంతంలో యూదులను ఏలుతున్న గ్రీకు రాజు అంతియొకస్ యూదుల ధర్మాన్ని నిషేధించినప్పుడు ప్రశ్న మారిపోయింది. అప్పటిదాకా ధర్మంగా ఉన్నవాడికి దీర్ఘాయుష్షు, పిల్లలు, పంటలు అన్న లెక్క ఉండేది. ఇప్పుడు ధర్మం కోసమే మనుషులు చంపబడుతున్నారు. వారికి దేవుడు న్యాయం చేసేది ఎప్పుడు? ఆ కాలంలోనే తుదిరూపం దిద్దుకున్నదని పండితులు చెప్పే దానియేలు గ్రంథంలో, మంటిలో నిద్రించేవారిలో అనేకులు మేల్కొంటారని, కొందరు నిత్యజీవానికి, కొందరు నిందకు లేస్తారని స్పష్టంగా వచ్చింది. మక్కబీయుల రెండవ గ్రంథంలో తల్లి కళ్ళముందే చంపబడిన ఏడుగురు కొడుకులలో ఒకడు చేతులు చాచి, ఇవి మళ్ళీ దేవుని నుంచి పొందుతానంటాడు. ఓదార్పు కోసం అల్లుకున్న కథ అని నేను తేలికగా అనుకున్న పునరుత్థానం, న్యాయం కోసం పెట్టిన కేక అని ఆ సాయంత్రం గ్రహించాను.

ఆ తర్వాత కూడా యూదులందరూ ఒకే మాట మీద లేరు. యూదులలోని మూడు తెగలలో సద్దూకయ్యులు పునరుత్థానం లేదన్నారు, పరిసయ్యులు ఉందన్నారు, ఎస్సేనులు ఆత్మ నాశనం లేనిదని నమ్మారని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. హనోకు గ్రంథం అనే ప్రాచీన యూదు రచనలో తీర్పు దినం వరకు నీతిమంతుల ఆత్మలకూ పాపుల ఆత్మలకూ వేర్వేరు గుహలున్నాయి. నా మూడు జవాబులూ వేర్వేరు కాలాలలో పుట్టి ఒకే ఇంట్లో చేరిన బంధువుల వంటివన్నమాట.

చివరి వారం మాత్రం నిరాశపరచింది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా (యూదు గురువుల ధర్మబోధల సంకలనం) గురించి అరగంటలో ముగించి, మిగిలిన సమయమంతా ధన్యవాదాలకూ ఫొటోలకూ ఇచ్చారు. దుష్టులకు గెహెన్నాలో (చనిపోయిన పాపులు శిక్ష అనుభవించే చోటులో) తీర్పు 12 నెలలని మిష్నాలో ఉందని మాస్టారు చెప్పగానే, నా పక్కన కూర్చున్న పురోహితుడుగారు మాసికాలు, సంవత్సరీకం గురించి ఒక చక్కని ప్రశ్న వేశారు. చనిపోయిన తండ్రి కోసం కొడుకు కద్దీష్ అనే యూదుల ప్రార్థనను 11 నెలలే చెప్పే ఆచారం, తండ్రిని 12 నెలలూ శిక్షపడిన దుష్టుడిగా తలచకూడదన్న మర్యాద వల్ల వచ్చిందని జవాబు వచ్చింది. అంతటితో గంట కొట్టారు. ఏటేటా గోదావరి రేవులలో పిండప్రదానాలు చూస్తూ పెరిగినవారికి ఆ ఒక్క విషయం మీదే పూర్తి సాయంత్రం ఇవ్వవలసింది. జిరాక్సు కాగితాలు కూడా పాలిపోయి, హీబ్రూ అక్షరాలు చుక్కల్లా కనిపించాయి.

ఈ లోపాలున్నా మూడు వందల రూపాయలకు నాకు దొరికింది ఎంతో ఎక్కువ. తెలుగు బైబిలుతో పాటు, మక్కబీయుల గ్రంథాలున్న కతోలిక బైబిలు కూడా తీసుకువెళ్ళండి. ఐదవ వారం అది లేక నేను పక్కవారి పుస్తకంలోకి తొంగిచూడవలసి వచ్చింది. సాయంత్రం ఆరు దాటాక పాలకొల్లు బస్సుకు చాలాసేపు నిలబడాలి కనుక, పై ఊళ్ళ నుంచి వచ్చేవారు పాఠాన్ని అరగంట ముందు మొదలుపెట్టమని నిర్వాహకులను అడిగితే మంచిది. దసరా తర్వాత మొదలయ్యే తరగతికి నా మేనకోడలి పేరు కూడా రాయించాను.