పాత సామాన్ల కొట్టులో కొన్న మోకా పాట్: రెండేళ్ల వాడకం తరువాత

కాఫీ పరికరాన్ని పాతది కొనదలచినవారు కరెంటుతో నడిచే యంత్రాల జోలికి పోకుండా పొయ్యి మీద పెట్టి ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే మోకా పాట్ అనే పాత్ర కోసం వెతకడం మేలని, అటువంటిదాన్ని రెండేళ్లకు పైగా దాదాపు రోజూ వాడిన మీదట చెప్పగలను. ఇందులో కాలిపోవడానికి కాయిల్ లేదు, చెడిపోవడానికి మోటారు లేదు. అరిగేది ఒక్క రబ్బరు వాషరే.

విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు, కొనవలసినదేమీ లేకుండా తీరిగ్గా కొట్లు చూస్తూ నడిచిన ఒక ఆదివారం, పాత సామాన్ల దుకాణంలో ఇత్తడి చెంబుల వెనుక ఎనిమిది పలకల అల్యూమినియం పాత్ర కనిపించింది. "టీ కెటిలండీ, అడుగు బిగుసుకుపోనాది, అందుకే ఎవులూ తీసుకోట్లేదు" అని దుకాణదారు ఉన్న లోపాన్ని దాచకుండా చెప్పాడు. నిజానికి అది 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి పేరుతో వచ్చిన మోకా పాట్ తరహాది. మూడు వందల రూపాయలకు బేరం తెగింది. ఇంటికి తెచ్చి వేడినీళ్లలో నానబెట్టి, గుడ్డతో పట్టి తిప్పితే అడుగు ఊడి వచ్చింది. లోపల వాషరు ఎండి, వేలు తగిలితే పొడిగా రాలింది. కొలత సరిపోయే సిలికాన్ వాషరు తెప్పించి వేశాను.

పాతది కొనేటప్పుడు చూడవలసినవి పై, కింది భాగాలను బిగించే మరలు, అంతకన్నా ముఖ్యంగా నీళ్లు పోసే కింది గది పక్కన ఉండే సేఫ్టీ వాల్వు. ప్రెషర్ కుక్కర్‌కు సేఫ్టీ వాల్వు ఎంత అవసరమో దీనికీ అంతే అవసరం. అది కదలకుండా పట్టేసి ఉంటే పాత్ర ఎంత చవకైనా తీసుకోకూడదు.

కింది గదిలో వాల్వుకు దిగువ వరకే నీళ్లు పోసి, దాని మీద కూర్చునే గరాటులో కాఫీ పొడిని నొక్కకుండా నింపి, పై భాగాన్ని గట్టిగా బిగించి సన్నని సెగ మీద పెట్టాలి. కింద పుట్టే ఆవిరి ఒత్తిడికి నీరు పొడిలోంచి పైకెక్కి, నడిమి గొట్టం కొసన మొదట నల్లగా, చిక్కగా ఊరుతుంది. తరువాత తేనె రంగుకు తిరిగి, చివరకు బుడబుడమంటూ తెల్లని నురగ కక్కుతుంది. ఆ చప్పుడు మొదలవగానే దించకపోతే కాఫీ చేదెక్కుతుంది. చన్నీళ్లకు బదులు కాచిన నీళ్లు పోస్తే పొడి మాడిన వాసన రాదని నా అనుభవం.

రుచి విషయానికి వస్తే, ఎక్కువ ఒత్తిడితో చిక్కని కాఫీ తీసే ఎస్ప్రెసో యంత్రానికి ఉండే 9 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి సుమారు తొమ్మిది రెట్ల) ఒత్తిడి దీనికి లేదు కనుక అంతటి చిక్కదనాన్ని ఆశించకూడదు. మన ఫిల్టరు డికాషను కన్నా మాత్రం ఘాటుగా ఉంటుంది, చుక్కలు కారేదాకా కాచుకోనక్కరలేదు. అరకు అరబికా పొడిని చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) లేకుండా వేస్తే దాని పులుపు, పరిమళం స్పష్టంగా తెలుస్తాయి. చికోరీ ఎక్కువ కలిసిన పొడి తడికి జిగురై జల్లెడను మూసేస్తుంది, కాబట్టి అటువంటి పొడిని ఇందులో వాడడం మానేశాను.

ఇబ్బందులూ ఉన్నాయి. పాత్ర అడుగు చిన్నది, మామూలు గ్యాస్ పొయ్యి కాళ్ల మీద ఒరిగిపోతుంది, పైన ఇనుప జాలీ పెట్టుకోవాలి. అల్యూమినియం కావడంతో ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. చాకలి సోడా వంటి క్షారంతో తోమితే లోపలి లోహం నల్లబడుతుంది, ఈ సంగతి పనిమనిషికి ముందే చెప్పి ఉంచుకోవడం మంచిది. మూడు కప్పులదని పేరేగాని, అవి ఇటలీ వాళ్ల బుల్లి కప్పులు, పాలు కలుపుకునే మన లెక్కన ఇద్దరికి సరిపోతుంది. సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలు దిగిన రోజుల్లో మా పెద్ద స్టీలు ఫిల్టరునే బయటకు తీస్తాం.