రెండు కే1000లు, ఒక కేబుల్: ఆరేళ్ల స్టీరియో వాడకం

స్టీరియో అంటే ఒకే దృశ్యాన్ని ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటిగా రెండు ఫొటోలు తీసి, వ్యూయర్ అనే రెండు కళ్లద్దాల పెట్టెలో లోతుతో సహా చూడటం. దానికి నేను రెండు కెమెరాలు జతచేసి వాడతా. ముందే చెప్తున్నా, గుళ్లు, కోటలు మాత్రమే తీసేవాళ్లకు ఈ సరంజామా అక్కర్లేదు. ఖిలా వరంగల్ కీర్తి తోరణం ఎక్కడికీ పోదు. ఒక్క కెమెరాతో ఒక ఫొటో తీసి, ఆరేడు సెంటీమీటర్లు పక్కకు జరిపి ఇంకోటి తీస్తే స్టీరియో జత వచ్చేస్తుంది. మనుషులో నీళ్లో కదిలే చోటే రెండు కెమెరాలు ఒకేసారి పేలాలి. నాకు కావాల్సింది బతుకమ్మ.

నావి రెండు పెంటాక్స్ కే1000లు, రెండింటికీ 50 ఎంఎం లెన్సులు. 1976లో వచ్చిన మోడల్, అంతా మెకానికల్, బ్యాటరీ లైట్ మీటరుకే. హన్మకొండలో ఒక లేత్ షాపులో అల్యూమినియం పట్టీకి రెండు రంధ్రాలు వేయించి పక్కపక్కన బిగించా. నొక్కడానికి రెండు మొనల కేబుల్ రిలీజ్, అంటే ఒక్క నొక్కుతో రెండు బటన్లను నొక్కే తీగ. ఇది అసలు బెలోస్ (బాగా దగ్గరి ఫొటోలకు కెమెరాకు, లెన్సుకు మధ్య పెట్టే మడతల గొట్టం) వాడేవాళ్ల కోసం చేసింది: ఒక మొన ముందుగా లెన్సు అపర్చర్‌ను (వెలుతురు వచ్చే రంధ్రాన్ని) చిన్నది చేస్తే, రెండోది ఆ వెంటనే షట్టర్ నొక్కుతుంది. ఆ ముందూవెనకా సర్దడానికి ఒక మొన దగ్గర స్క్రూ ఉంటుంది. మన పనికి ఆ తేడాను సున్నాకు తేవాలి.

మొదటి ఏడాది అదేమీ చూడలేదు. చెవికి ఒకే 'ఠక్' వినబడింది, చాలనుకున్నా. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర, పొద్దు గూకకముందే రెండు రోల్సు తీశా. కడిగి చూస్తే, ఎడమ ఫొటోలో మా అక్క చప్పట్లు కలిసి ఉన్నాయి, కుడి ఫొటోలో అరచేతుల మధ్య రెండు వేళ్ల ఎడం. వ్యూయర్‌లో పెడితే తంగేడు పూలు, చీర కొంగు అన్నీ చక్కగా లేచి నిలబడ్డాయి, చేతులు మాత్రం ఏ కన్నూ ఒప్పుకోని తెల్లటి మసక.

అప్పుడు టేబుల్ ఫ్యాన్‌ను డాబా మీదికి ఎక్కించా. ఒక రెక్కకు తెల్ల పెయింట్ వేసి, ఎర్రటి ఎండలో ఫుల్ స్పీడులో తిప్పుతూ 1/1000 సెకను షట్టర్ వేగంలో తీశా. "ఫ్యానుకేమన్న సంబంధం జూస్తున్నవా బిడ్డా, గన్ని ఫొటోలు దీస్తున్నవ్?" అంది అమ్మ. ఫ్యాన్ మీద 1300 ఆర్‌పీఎం అని రాసుంది, అంటే మిల్లీసెకనుకు దాదాపు 8 డిగ్రీలు. రెండు ఫొటోల్లో తెల్ల రెక్కకు 140 డిగ్రీల తేడా వచ్చింది. సుమారు 18 మిల్లీసెకన్లు! స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, మళ్లీ తీస్తూ, చివరికి 15 డిగ్రీలకు, అంటే 2 మిల్లీసెకన్లకు తెచ్చా. 1/125లో తీసే బతుకమ్మకు ఇది చాలు. ఒక్క జాగ్రత్త, కేబుల్ వంపు మారితే లెక్క మారుతుంది. అందుకే దాన్ని పట్టీకి టేపుతో అంటించేశా.

ఇంకో ఇబ్బంది లెన్సుల దూరం. పక్కపక్కన పెడితే మధ్యలో 14 సెంటీమీటర్లకు పైనే వస్తుంది. ఆ దూరానికి కనీసం 30 రెట్ల అవతల మనిషి ఉండాలన్నది మామూలు లెక్క, ఆ లెక్కన సుమారు నాలుగుంపావు మీటర్ల లోపు మనిషి వస్తే చూసేటప్పుడు కళ్లు లాగేస్తాయి. దూరం తగ్గుతుందని ఒకసారి రెండు కెమెరాలనూ నిలువుగా తిప్పి, కింది భాగాలు ఒకదానికొకటి ఆనించి బిగించా. తగ్గింది, కానీ వీటి గుడ్డ షట్టర్ ఫ్రేమును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తుడుస్తూ పోతుంది. ఒక కెమెరా తిరగబడింది కాబట్టి ఒకటి పైకి, ఇంకోటి కిందికి. ఫ్రేము మధ్యలో అంతా బాగుంటుంది, అంచుల్లో తల ఒక క్షణానిది, కాలు ఇంకో క్షణానిది. వారంలో విప్పేశా.

చీకటి పడ్డాక మాత్రం ఈ టెన్షనే లేదు. రెండూ 1/30లో పెట్టి, ఆలస్యంగా తెరుచుకునే కెమెరాకు ఫ్లాష్ తగిలిస్తే, రెండు షట్టర్లూ తెరిచి ఉండగానే అది వెలుగుతుంది. వెలుగు ఒక్కటే కాబట్టి క్షణమూ ఒక్కటే.

కలర్ రోల్సు ఒక ల్యాబుకిస్తే ఎడమ, కుడి ముక్కలు కలిపేసి ఒకే కవర్లో ఇచ్చారు. జతలు కుదర్చడానికి ఆదివారమంతా పోయింది. ఇప్పుడు బ్లాక్ అండ్ వైటే, ఇంట్లోనే, రెండు రీళ్లూ ఒకే ట్యాంకులో, ఒకే 600 ఎంఎల్ డెవలపర్లో. లేకుంటే ఒక కంటికి నలుపు ఎక్కువ, ఇంకో కంటికి తక్కువ.

ఆరేళ్లయినా పోని తప్పు ఒకటుంది. ఒకే 'ఠక్' వినబడితే సంబరపడటం అలవాటైపోయింది కదా, కుడి కెమెరాలో రీలు జరిపే లివర్ తిప్పడం మర్చిపోయినా వినబడేది ఒకే 'ఠక్'. పోయిన బతుకమ్మకు మూడు ఫొటోలు అలాగే పోయాయి.