న్యూజెర్సీ గన్ క్యారీ పర్మిట్: రెన్యూవల్ దాకా నా అనుభవం, ముఖ్యంగా ఆ ఒక్క ప్రశ్న గురించి

నాది చిన్న గ్యాస్ స్టేషన్. న్యూజెర్సీలో పెట్రోలు కస్టమర్ సొంతంగా పోసుకోకూడదు, మన మనిషే పోయాలి. అందుకని రాత్రి పదకొండు దాకా బయటే నిలబడి, ఆ తర్వాత రోజు కలెక్షన్ పట్టుకుని చీకట్లో కారు దాకా నడవాలి. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు రాకముందు ఈ రాష్ట్రంలో నాలాంటివాడికి క్యారీ పర్మిట్ (బయట తుపాకీ వెంట పెట్టుకుని తిరగడానికి అనుమతి) దొరకడం దాదాపు అసాధ్యం. ఆ తీర్పుతో ప్రత్యేక అవసరం నిరూపించాలనే షరతు పోయింది. 2023లో పర్మిట్ తీసుకున్నాను, 2025లో రెన్యూ చేయించాను. ఫీజు రెండుసార్లూ 200 డాలర్లే. షూటింగ్ టెస్టు కష్టమేమీ కాదు. నాకు టెన్షన్ పెట్టింది మెడికల్ ప్రశ్న.

ఏదైనా మానసిక సమస్యకు ఎప్పుడైనా డాక్టరు దగ్గర గానీ ఆసుపత్రిలో గానీ, అడ్మిట్ అయి గానీ కాకుండా గానీ చికిత్స తీసుకున్నారా అని అడుగుతారు. గత ఐదేళ్లలో, పదేళ్లలో అని కాదు, ‘ఎప్పుడైనా’.

2020 జులైలో గుంటూరులో నాన్న పోయారు. అప్పుడు మామూలు విమానాలు లేవు. తమ్ముడు తలకొరివి పెడుతుంటే వాట్సాప్‌లో చూశాను. తర్వాత నిద్ర పట్టక ఎనిమిది నెలలు ఒక సైకియాట్రిస్టుకి చూపించుకున్నాను. ఆ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

‘లేదు’ అని టిక్ పెడదామా అని చాలాసేపు ఆలోచించాను. తెలిసి అబద్ధం రాస్తే ఇక్కడ ‘థర్డ్ డిగ్రీ’ అనే తరగతి నేరం, మూడు నుంచి ఐదేళ్ల జైలు. గ్రీన్ కార్డు మీద బతుకుతున్నవాడికి అంత సాహసం అక్కర్లేదు. (హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి మాత్రం, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉండటమే నేరం. అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి చెబుతున్నా.) ‘అవును’ అనే రాశాను.

విచిత్రం ఏమిటంటే, రికార్డులు వెతకడానికి ఒప్పుకుంటూ మనం వేరే సంతకం పెడతాం. మన వైద్య రికార్డులకి హిపా చట్టం ఇచ్చే గోప్యతని ఈ పని వరకూ వదులుకున్నట్టే. కానీ ఆ సంతకంతో కౌంటీ అడ్జస్టర్ ఆఫీసు (మానసిక ఆసుపత్రి చేరికల రికార్డులు ఉండే జిల్లా ఆఫీసు) ముఖ్యంగా చూసేది, కోర్టు ఉత్తర్వు మీద ఎవరినైనా మానసిక ఆసుపత్రిలో చేర్చారా అన్నది. ఇన్సూరెన్సు బిల్లులు తిరగేసి నా ఎనిమిది నెలలు బయటికి లాగే ఏర్పాటు లేదు. అంటే నిజం చెప్పినవాడే దొరుకుతాడు. షాపులో తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం నయం. కోర్టు నిర్ణయం గానీ బలవంతపు చేరిక గానీ ఉందా అనే అడుగుతుంది, ఇష్టపడి చేరినవాళ్లు అందులోకి రారు. గంజాయి విషయంలో మాత్రం ఆ ఫారమే గట్టిది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా, వైద్యం కోసమే వాడినా, ఫెడరల్‌గా నేరమే అని అందులోనే రాసి ఉంటుంది.

‘అవును’ అన్నాక డాక్టరు లెటర్ అడిగారు. ఇక్కడ తప్పు నాదే. మొదటిసారి డాక్టర్‌ని ఏమీ అడక్కుండా, ఆవిడ ఇచ్చిన రెండు పేజీలూ తీసుకెళ్లి ఇచ్చేశాను. డయాగ్నసిస్, మందు పేరు, మోతాదు, నాన్న సంగతి అన్నీ ఉన్నాయి అందులో. ఇంకో ఇద్దరు లైన్లో నిలబడి ఉండగా, కౌంటర్ దగ్గరాయన ఆ కాగితం చూస్తూ, "ఇప్పుడు బాగానే ఉన్నారా?" అని గట్టిగా అడిగాడు. రెన్యూవల్‌కి నాలుగు లైన్లే రాయించాను: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చూశారు, ఇప్పుడు తుపాకీ వాడటానికి అడ్డొచ్చే సమస్య ఏమీ లేదు, సంతకం, లైసెన్సు నంబరు. చట్టం కోరేది కూడా దాదాపు అంతే. ఎవరూ మారు మాట్లాడలేదు.

అప్లికేషన్ కాగితాలు పబ్లిక్ రికార్డు కావని రాష్ట్రం రూలు ఉంది, అది మంచిదే. కానీ రహస్యం పోయేది ఆఫీసులోంచి కాదు, రిఫరెన్సుల దగ్గర. మన గురించి చెప్పడానికి బంధువులు కాని నలుగురు కావాలి. ఇతనికి మానసిక సమస్యలున్నాయా, తాగుడుందా అని వాళ్లనీ అడుగుతారు. మన తెలుగువాళ్లలో నలుగురికి ఆ ప్రశ్న వెళ్లిందంటే ఇక చెప్పేదేముంది! ఒకాయన ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "ఏంటి బ్రదర్, ఏమైనా ప్రాబ్లమా?" అన్నాడు. రెండోసారి నలుగురికీ ముందే ఫోన్ చేసి, ఇవి అందరికీ పంపే ప్రశ్నలని చెప్పి పెట్టాను. మీరూ అలాగే చేయండి.

పర్మిట్ ఉపయోగపడిందా అంటే, ఇంతవరకూ తుపాకీ బయటికి తీసే అవసరం రాలేదు. రాత్రి కారు దాకా నడక కాస్త తేలికైంది. దానికి ఐదులో నాలుగిస్తాను. ఆ మెడికల్ ప్రశ్నకి ఒకటి.

మా పక్క లిక్కర్ షాపాయన ఈ మధ్యే అప్లై చేశాడు. దోపిడీ జరిగిన దగ్గర్నుంచి అతనికి నిద్ర లేదు. డాక్టరుకి చూపించుకోమంటే పర్మిట్ వచ్చాక వెళ్తానన్నాడు. రెండేళ్లకి రెన్యూవల్‌లో మళ్లీ ఇదే ప్రశ్న ఉంటుందని చెప్పాను.

"అయితే అసలే వెళ్లను" అన్నాడు.