63 నంబరు జెర్సీ: చొక్కాకు మూడు, మనిషికి నాలుగున్నర

అమెరికా ఐస్ హాకీ జట్టు బోస్టన్ బ్రూయిన్స్ నల్ల జెర్సీ, వెనక ఆటగాడు బ్రాడ్ మార్షండ్ పేరు, 63. సెకండ్ హ్యాండ్ షాపులో కొన్నాను. బట్ట మందంగా ఉంది, చలికాలం లోపల స్వెట్టర్ వేసుకున్నా పడుతుంది. చేతులు మాత్రం మరీ పొడుగు. రెండో ఉతుక్కే 3 అంకె అంచున దారం లేచింది. అడిగితే షాపువాడు భుజాలెగరేశాడు. అందుకే మూడు స్టార్లు.

"ఆ నాకేవాడి చొక్కానా?" అంది మా ఆవిడ. నిజమే, 2018 ప్లేఆఫ్స్‌లో ఎదుటి ఆటగాడి మొహం నాకాడు, లీగ్ వార్నింగ్ ఇచ్చింది. సస్పెన్షన్లూ చాలానే. 2022లో పిట్స్‌బర్గ్ జట్టు గోల్‌కీపర్‌ని కొట్టినందుకు ఆరు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. అతను లేని ఆ ఆరు మ్యాచ్‌ల నష్టం జట్టుదే, దాన్ని నేను వెనకేసుకురాను.

కానీ లెక్క చూడండి. 2011 ఫైనల్ ఏడో మ్యాచ్, వాంకూవర్‌లో, రెండు గోల్స్. 2018-19లో సరిగ్గా 100 పాయింట్లు (కొట్టిన గోల్స్, అందించినవీ కలిపి). ఆ సీజన్లో అతన్ని తిట్టినవాళ్లందరూ తమ జట్టులో ఉంటే బాగుండనుకున్నవాళ్లే, నాకు తెలిసి. 2025 మార్చిలో ఫ్లోరిడా జట్టుకు ఇచ్చేశారు. ముసలాడయ్యాడులే అనుకున్నాను. 37 ఏళ్ల వయసులో ఆ ఏడాది ఫైనల్లో ఆరు గోల్స్ కొట్టి కప్పు ఎత్తాడు.

దారం నేనే కుట్టుకున్నాను.