వైర్‌షార్క్: ప్యాకెట్ ఎటు పోతుందో కళ్లారా చూడాలంటే ఇదే

సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోచింగ్‌కి వెళ్లేవాళ్లు సబ్‌నెట్ (పెద్ద నెట్‌వర్క్‌లో ఒక చిన్న భాగం) లెక్కలు గడగడా చెప్పేస్తారు, కానీ ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో ప్రయాణించే డేటా ముక్క) మన నెట్‌వర్క్ లోపలే ఉండాలా బయటికి పోవాలా అన్నది ఎవరు తేలుస్తారని అడగండి, చాలామంది రూటర్ అనే అంటారు. కాదండీ, ముందు తేల్చేది మన కంప్యూటరే. తన ఐపీ అడ్రస్, చేరాల్సిన ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే సంఖ్య) పక్కపక్కన పెట్టుకుని లెక్క చూసుకుంటుంది. ఆ లెక్క ఫలితం ఎదురుగా కనిపిస్తుంది కాబట్టే, నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లని పట్టి చూపించే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్ అంటే నాకు అంత ఇష్టం.

మీ లాప్‌టాప్ 192.168.1.10, మాస్క్ 255.255.255.0 అనుకోండి. వైర్‌షార్క్ ఫిల్టర్‌లో ఆర్ప్ (arp, ఒక ఐపీ ఏ మ్యాక్ అడ్రస్‌దో అడిగే పద్ధతి) అని కొట్టి, 192.168.1.200లో ఉన్న ప్రింటర్‌ని పింగ్ చేస్తే (ఉన్నావా అని పలకరిస్తే) "192.168.1.200 ఎవరిది? 192.168.1.10కి చెప్పండి" అన్న ప్రశ్న వెళ్తుంది, అంటే నేరుగా ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే హార్డ్‌వేర్ అడ్రస్) కోసమే వెతుకుతోంది. ఇప్పుడు బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8ని పింగ్ చేయండి. దాని మ్యాక్ ఎవరూ అడగరు, లాప్‌టాప్ మన రూటర్ (192.168.1.1) మ్యాక్ అడుగుతుంది. ఫిల్టర్ తీసేసి ఆ పింగ్ ప్యాకెట్ విప్పి చూస్తే చేరాల్సిన ఐపీ 8.8.8.8 అనే ఉంటుంది, మ్యాక్ మాత్రం రూటర్‌ది! పుస్తకంలో ఎంత చదివినా ఎక్కనిది ఇక్కడ ఒక్క చూపులో ఎక్కేస్తుంది. ఇంకోటి, లాప్‌టాప్ మాస్క్‌ని 255.255.255.128 చేసి చూడండి, అదే గదిలో ఉన్న ప్రింటర్ కూడా దానికి పరాయిదైపోయి ప్యాకెట్ రూటర్ దగ్గరికి పోతుంది. ఆఫీసులో "ప్రింటర్ కనపడట్లేదు" అని కంప్లైంట్ వస్తే నేను ముందు మాస్కే చూస్తాను.

వైర్‌షార్క్‌ని 1998లో జెరాల్డ్ కూంబ్స్ ఈథరియల్ పేరుతో విడుదల చేశాడు, 2006లో పేరు మారింది, పూర్తిగా ఉచితం.

లోటు లేదని కాదు. మొదటిసారి తెరిస్తే ప్యాకెట్లు వరదలా వచ్చిపడి కొత్తవాళ్లకి టెన్షన్ పుడుతుంది, పైగా వైఫై, ఈథర్నెట్, వర్చువల్ అంటూ బోలెడు ఇంటర్‌ఫేసులు చూపిస్తుంది, ఏది ఎంచుకోవాలో చెప్పదు. పక్కన కదులుతున్న గీత చూసి ట్రాఫిక్ ఉన్నది పట్టుకోవాలి. విండోస్‌లో ప్యాకెట్లని పట్టే ఎన్‌పీక్యాప్ అనే డ్రైవర్ కూడా వేసుకోవాలి. ఆర్ప్ ప్రశ్న కనపడకపోతే కంగారు పడకండి, లాప్‌టాప్ జవాబు ముందే గుర్తుపెట్టుకుని ఉంటుంది, ఆ జవాబులు దాచుకునే ఆర్ప్ కాష్ చెరిపేసి మళ్లీ పింగ్ చేయండి. ఆఫీస్ నెట్‌వర్క్‌లో మాత్రం అనుమతి తీసుకునే వాడండి.